ఆరుగురు ఎత్తగలిగే బండి

మొన్న మా పెద్దక్క ఇంట్లో గృహప్రవేశం. భోజనాలయ్యాక షామియానా కింద కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. మా మేనల్లుడు ఈ మధ్యే మహీంద్రా థార్ కొన్నాడు, పిల్లలంతా దాని చుట్టూనే తిరుగుతున్నారు. మాటల్లో వాడు, "మావయ్యా, ఆ మారుతీ సుజుకీ జిప్సీ డబ్బాలతో మీవాళ్లు ముప్పై ఏళ్లు ఎలా నెట్టుకొచ్చారు? ఇప్పుడే కదా మిలటరీకి అసలైన బళ్లు వస్తున్నాయి" అన్నాడు. శుభకార్యం చోట వాదన ఎందుకని ఊరుకున్నాను. కానీ ఆ 'డబ్బా' అన్న మాట నన్ను వదల్లేదు. సికింద్రాబాద్ తిరుమలగిరిలో ట్రైనింగై, సైన్యం బళ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా ఇరవై ఏళ్ల పైన ఆ బళ్ల కింద పడుకున్నవాణ్ని. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పెద్దదే అవుతుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

అరుణాచల్‌లో సేలా పాస్ దిగి తవాంగ్ వైపు వెళ్లే రోడ్డు. టన్నెల్ ఇంకా రాని రోజులు. నవంబరు చివర, చీకటి పడిపోయింది, రోడ్డు మీద మంచు పల్చగా గడ్డకట్టి గాజులా ఉంది. మా ముందు జిప్సీ మలుపులో జారి, వెనక చక్రం కొండవైపు కాలువలో దిగబడింది. డ్రైవరు 'ఫోర్ లో', అంటే నాలుగు చక్రాలకీ బలమిచ్చే లో రేంజ్ గేరు వేసి చూశాడు, చక్రం తిరుగుతోంది తప్ప పట్టు దొరకడం లేదు. ఉస్తాద్ దిగి, టార్చి వేసి కిందికి చూసి, "సామాన్ ఉతారో" అన్నాడు. సామాను దించేశాం. టెయిల్‌బోర్డు కింద ఇద్దరం, బంపరు దగ్గర ఇద్దరు, చక్రం పక్కన ఇద్దరు. "జోర్ లగాకే హైసా" అంటూ ఊపడం మొదలుపెట్టాం. పట్టీ స్ప్రింగుల మీద బండి లేస్తూ దిగుతూ ఉంటే, బాగా లేచిన ఊపు చూసుకుని ఒక్కసారిగా రోడ్డు వైపుకి జరిపేశాం. గ్లోవ్స్ వేసుకున్నా ఇనుము చల్లదనం వేళ్లకెక్కి మంటపెట్టింది. అంతా కలిపి పావుగంట.

కొన్నేళ్ల తర్వాత అలాంటి రోడ్డు మీదే, రెండు టన్నులు దాటిన కొత్త బండి ఒకటి అచ్చం అలాగే దిగబడింది. ఏ కంపెనీదన్నది అనవసరం. ఎనిమిది మందిమి పట్టాం. కదల్లేదు. లాగడానికి రికవరీ బండి వచ్చేసరికి తెల్లవారుజాము అయింది. వెనక కాన్వాయ్ మొత్తం రాత్రంతా అక్కడే. ఇంజను ఆపితే చలి, ఆపకపోతే డీజిల్ అయిపోతుంది. లోపల సీట్లు మెత్తగానే ఉన్నాయి, కాదనను.

నా వాదన అంతా ఆ రెండు రాత్రుల్లోనే ఉంది. ఫ్రంట్‌లో తిరిగే తేలిక బండిని ముందు తూకం వేసి చూడాలి. 985 కిలోల బండిని ఆరుగురు మనుషులు బయటపడేయగలరు. రెండు టన్నుల బండికి ఇంకో బండి కావాలి. ఆ ఇంకో బండి రావడానికి రోడ్డు ఖాళీగా ఉండాలి. యుద్ధంలో ఇవన్నీ ఎవరిస్తారు?

1940లో అమెరికా సైన్యం ఈ జాతి బండికి మొట్టమొదట కొలతలు రాసినప్పుడు బరువు 1,300 పౌండ్లు, అంటే దాదాపు 590 కిలోలు మించకూడదంది. అది ఎవరి వల్లా కాలేదు. చివరికి తయారైన విల్లీస్ జీపు టన్ను దాటింది. కానీ వాళ్లు దేనితో మొదలుపెట్టారో చూడండి. 60 హార్స్‌పవర్ ఇంజను, విప్పితే బల్లపరుపుగా ముందుకు వాలిపోయే అద్దం, తలుపులు లేని బాడీ. మహీంద్రా వాళ్లు బళ్ల వ్యాపారంలోకి దిగిందే 1947లో ఆ జీపుల భాగాలు తెప్పించి ఇక్కడ బిగించడంతో.

ఆ జీపు ఏం చేయగలదో మన సైన్యానికి ఎవరూ చెప్పక్కర్లేదు. 1965 సెప్టెంబరు, ఖేమ్‌కరణ్ సెక్టారు. 4 గ్రెనేడియర్స్ హవల్దార్ అబ్దుల్ హమీద్ దగ్గరున్నది జీపు మీద బిగించిన, ట్యాంకుల్ని కొట్టే 106 ఎంఎం రికాయిల్‌లెస్ గన్. ఎదురుగా పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు. చెరకు తోటల చాటున నిలబడి కొట్టడం, శత్రువు గురి పెట్టేలోపు చోటు మార్చడం, మళ్లీ కొట్టడం. ఆ జీపుకి కవచం లేదు. పొట్టిగా, తేలిగ్గా, గబుక్కున తిరిగేలా ఉండటమే దాని కవచం. ఆయన ప్రాణం అక్కడే పోయింది, పరమవీర చక్ర వచ్చింది. ఆ గన్ను ఇప్పటి ఎత్తైన ఎస్‌యూవీ మీద పెడితే చెరకు తోటలో ఎలా దాక్కుంటుందో మా మేనల్లుణ్ని చెప్పమనండి.

తర్వాత జోంగా. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో నిస్సాన్ ప్యాట్రోల్ మోడల్ ఆధారంగా చేసింది, నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను. మా సీనియర్లు దాన్ని దేవుడి బండి అనేవాళ్లు. బలం మాట నిజమే, తాగుడు కూడా అలాగే ఉండేది. దాని పక్కన తొంభైల్లో జిప్సీ వచ్చి నిలబడితే బొమ్మ బండి అనుకున్నారు. 1985లో బజార్లోకి వచ్చినప్పుడు దాని ఇంజను 970 సీసీ. 1996లో 1,300 సీసీ పెట్టారు, 2000లో ఎంపీఎఫ్ఐ, అంటే పెట్రోల్‌ని కొలిచి ఇంజనులోకి చిమ్మే పద్ధతి వచ్చాక 80 హార్స్‌పవర్ అయింది. అంతే. ఆ మాత్రం బలంతోనే అది ఈ దేశపు ప్రతి కొండా ఎక్కింది.

ఎందుకు ఎక్కిందో ఒక్క భాగం చూపించి చెప్తాను. దాని ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె, గేర్‌బాక్సుకి అతుక్కుని ఉండదు. కాస్త వెనక, విడిగా, మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. మధ్యలో మూరెడైనా లేని చిన్న షాఫ్టు. అందులో సమస్య వస్తే గేర్‌బాక్సు జోలికి పోనక్కర్లేదు. ఆయిల్ దించి, షాఫ్టులు విప్పి, స్పీడోమీటర్ కేబుల్ తీసి, మౌంట్ల బోల్టులు వదులు చేసి, వెల్లకిలా పడుకుని గుండెల మీద ఆనించుకుని దించేయొచ్చు. టార్పాలిన్ పరిచి, టార్చి పళ్ల మధ్య పట్టుకుని, ఒక్క హెల్పర్‌తో ఆ పని చేశాను. తెల్లారేసరికి బండి మళ్లీ రోడ్డు మీద ఉంది. దానికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు, స్కానర్ అక్కర్లేదు, కంపెనీ నుంచి మనిషి రానక్కర్లేదు.

జిప్సీలో లోపాలు లేవని నేను చెప్పను. వెనక బెంచీ మీద పది గంటలు కూర్చున్నవాడి నడుము ఏమవుతుందో నా నడుముకి తెలుసు. ఎయిర్‌బ్యాగులు లేవు, గుడ్డ టాపు, బోల్తా పడితే కాపాడేదేమీ లేదు. అలా పోయిన మనుషులు నాకు తెలుసు కాబట్టి ఈ మాట తేలిగ్గా అనడం లేదు. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలిని ఒత్తి ఎక్కించే టర్బో లేని పెట్రోల్ ఇంజను ఊపిరాడక నీరసిస్తుంది. ఖర్దుంగ్ లా లాంటి చోట గాలి ఒత్తిడి మన ఊళ్లో ఉన్నదాంట్లో సగమే, బలం కూడా దాదాపు సగానికి పడిపోతుంది. టర్బో డీజిల్ అక్కడ నిస్సందేహంగా మేలు. కానీ డీజిల్‌కి దాని బాధ దానికుంది. చలికి మైనంలా గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోతుంది. లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్‌ని ఇండియన్ ఆయిల్ తెచ్చింది 2019లో. అంతకుముందు చలికాలాలన్నీ ఎలా గడిచాయో అక్కడ పనిచేసిన డ్రైవర్లనడగండి. ఇప్పటి సివిల్ డీజిల్ బళ్లలో చాలావాటికి పొగ శుభ్రం చేసే యూరియా ద్రావణం కూడా పోయాలి. అది మైనస్ 11 దగ్గరే గడ్డకడుతుంది. హైవే మీద తిరిగేవాడికి ఇదో విషయమే కాదు.

ఆర్మీ 2017లో 3,192 టాటా సఫారీ స్టార్మ్‌లకి ఆర్డరిచ్చింది. 2023లో 1,850 మహీంద్రా స్కార్పియో క్లాసిక్‌లకి ఇచ్చింది. నేను వాటిని తిట్టడం లేదు. 800 కిలోల బరువు మోయాలి, గట్టి టాపు కావాలి, ఏసీ కావాలి అని సైన్యమే అడిగింది. అడిగిన పనికి అవి సరిపోతాయి. జిప్సీ 500 కిలోల తరగతి బండి. పెద్ద తరగతి బండి వచ్చింది కదా అని చిన్న తరగతిని ఖాళీగా వదిలేయడం దగ్గరే నా గొడవ. ఎడ్లబండి కొన్నామని ఇంట్లో సైకిలు అమ్మేసుకుంటామా?

"జిప్సీ కూడా సివిల్ బండే కదా మావయ్యా" అని వాడు తర్వాత ఫోన్లో అన్నాడు. మంచి ప్రశ్న. అవును, సుజుకీ సివిల్ బండే. కానీ ఏ సివిల్? 1948లో ల్యాండ్ రోవర్‌ని రైతుల కోసం చేశారు. సుజుకీ ఈ జాతి చిన్న బళ్లు మొదలుపెట్టింది కొండదారుల్లో, అడవుల్లో పనిచేసుకునేవాళ్ల కోసం. కొనేవాడు బురదలో దిగబడేవాడు, తన బండి తనే విప్పుకునేవాడు. అందుకే ఆ బళ్లు సైన్యానికి అతికినట్టు సరిపోయాయి. 1987లో ఆఫ్రికాలోని చాద్ సైనికులు టయోటా పికప్పుల మీద ట్యాంకుల్ని కొట్టే మిలాన్ మిసైళ్లు పెట్టుకుని లిబియా ట్యాంకుల్ని తరిమికొట్టారు. అవీ పని బళ్లే. అంతెందుకు, పాడేరు ఏజెన్సీలో సంత రోజు చూడండి. టాపు మీద మనుషులు, వెనక వేలాడుతూ మనుషులు, కాళ్ల కింద అల్లం బస్తాలు, కోళ్లు. ఆ జీపు విల్లీస్‌కి మనవడు. పట్టీ విరిగితే ఊరి కమ్మరి కొలిమిలో సాగదీసి పెట్టేస్తాడు. దాన్ని ఆలివ్ గ్రీన్‌లో ముంచితే రేపే డ్యూటీకి పంపొచ్చు.

ఇప్పటి సివిల్ ఎస్‌యూవీ ఎవరికోసం? హైదరాబాద్ నుంచి విజయవాడకి నాలుగున్నర గంటల్లో వెళ్లాలనుకునే కుటుంబం కోసం. నెలకోసారి వంజంగి మేఘాలు చూడ్డానికి వెళ్లేవాళ్ల కోసం. తప్పేం లేదు, డబ్బు పెట్టేది వాళ్లే. ల్యాండ్ రోవర్ పాత డిఫెండర్ తయారీ 2016లో ఆగింది. కొత్తదానికి విడిగా చాసిస్, అంటే బాడీని మోసే ఇనుప చట్రం కూడా లేదు. కొనేవాడు మారితే బండి మారుతుంది. అలాంటి బండికి రంగు మార్చి, వైర్‌లెస్ సెట్టు బిగించి మిలటరీ బండి అంటే నేను ఒప్పుకోను.

అమెరికా వాళ్లు ఈ పాఠం చాలా డబ్బు పోసి నేర్చుకున్నారు. ఇరాక్‌లో రోడ్డు బాంబులకి భయపడి తమ సైన్యపు జీపు హమ్వీకి కవచం మీద కవచం తొడిగారు. మోయలేక దాని యాక్సిళ్లు, గేర్‌బాక్సులు అరిగిపోయాయి. దాని స్థానంలో తెచ్చిన కవచపు బండి జేఎల్‌టీవీ ఆరు టన్నులు దాటింది. ఆ భయం అర్థం లేనిదని అనను, లోపల కూర్చున్నది మనుషులే. కానీ 2020లో ఏం చేశారు? షెవ్రోలే కొలరాడో అనే మామూలు పికప్ సామాన్లు తీసుకుని, తలుపులు, టాపు పీకేసి, తొమ్మిది మంది సైనికులు కూర్చునే ఐఎస్‌వీ అనే బోసి బండి చేయించుకున్నారు. దాదాపు 90 శాతం భాగాలు బజార్లో దొరికేవే. హెలికాప్టర్ కింద తగిలించుకుని పోవచ్చు. 2025లో హమ్వీలు, జేఎల్‌టీవీలు ఇక కొనడం ఆపేస్తున్నామని ప్రకటించారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. వాళ్లు బజారు ఇంజను తీసుకున్నారు, బజారు బాడీ తీసుకోలేదు. మనమూ అదే చేయొచ్చు. ఈ రోజుకీ రెండు వైపులా గట్టి యాక్సిల్, విడి చాసిస్, లో రేంజ్ గేరు ఉన్న తేలిక బండి మారుతీ జిమ్నీ రూపంలో మన దేశంలోనే తయారవుతోంది. బరువు 1,200 కిలోల చుట్టుపక్కల. ఉన్నదున్నట్టు తీసుకుంటే పనికిరాదు, అది నాలుగు సీట్ల బండి, వెనక సామాను చోటు తక్కువ. దాని యాక్సిళ్లు, ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంచుకుని, బరువు మోయగల స్ప్రింగులు వేసి, వెనక ఎదురెదురు బెంచీలు, తీసేయగలిగే టాపు, దొర్లితే తలలు కాపాడే గట్టి ఇనుప కడ్డీ పెట్టమనండి. థార్ చేసే కంపెనీని కూడా పోటీకి పిలవండి. చేయగల ఇంజనీర్లు రెండు చోట్లా ఉన్నారు.

టెండర్ కాగితంలో మొదటి లైను ఖాళీ బండి బరువు గురించి ఉండాలి, 1,200 కిలోలు దాటితే పక్కన పెట్టేయాలి. రెండో లైను, ట్రాన్స్‌ఫర్ కేస్‌ని ఇద్దరు మనుషులు మామూలు పానాల సెట్టుతో బయట చలిలో ఎంతసేపట్లో దించి ఎక్కించగలరో. ఆ పరీక్ష కంపెనీ మెకానిక్ చేయకూడదు, ఆర్మీ క్రాఫ్ట్స్‌మన్, అంటే మెకానిక్ జవాను చేయాలి, గ్లోవ్స్ వేసుకుని, రాత్రిపూట చేయాలి. ఏసీ సంగతి ఆ తర్వాత ఎక్కడైనా రాసుకోండి.