ఎండలో పరుగు మొక్కు

ఏసీ ఆన్ చేస్తే రిమోట్ మీద మొదట కనిపించే అంకె 24. కరెంటు ఆదా కోసం 2020 నుంచి మన దేశంలో కంపెనీలకు పెట్టిన నిబంధన అది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నాలు చూసినవాళ్లకు 24 డిగ్రీలంటే హాయిగా దుప్పటి కప్పుకునే చల్లదనం. అదే 24 డిగ్రీలు 2018 ఏప్రిల్ 22న లండన్‌ను ఉక్కిరిబిక్కిరి చేసింది. ఆ రోజు లండన్ మారథాన్. సెయింట్ జేమ్స్ పార్కులో 24.1 డిగ్రీలు నమోదైంది. 1981లో మొదలైన ఆ పరుగు అప్పటిదాకా అంత వేడి రోజును చూడలేదు. ముందుగానే వాతావరణ సూచన చూసిన నిర్వాహకులు, టైమింగ్ గురించి మర్చిపోయి నెమ్మదిగా వెళ్లమనీ, వేషాలు వేసుకుని పరుగెత్తేవాళ్లు ఇంకోసారి ఆలోచించుకోమనీ చెప్పారు.

ఇంతోటి ఎండకే ఇంత గోలా అని నవ్వొచ్చు. నవ్వే ముందు ఆ ఏడాది చలికాలం గుర్తుచేసుకోవాలి. ఫిబ్రవరి ఆఖరులో, మార్చి మొదట్లో బ్రిటన్ అంతా మంచు కింద ఉంది. మారథాన్‌కు సాధన చేసేవాళ్లు చేతులకు గ్లవ్స్, తలకు ఉన్ని టోపీ పెట్టుకుని గడ్డకట్టిన రోడ్ల మీద పరుగెత్తారు. ఎండకు శరీరం అలవాటు పడాలంటే పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. చెమట త్వరగా పట్టడం, ఆ చెమటలో ఉప్పు తక్కువగా పోవడం, రక్తం పరిమాణం పెరగడం వంటి మార్పులు రావాలి. వాళ్లకు అంత గడువు దొరకలేదు. అన్నట్టు, లండన్‌లో ఉద్యోగాలు చేస్తూ ఈ పరుగులో పాల్గొనే మన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. కడపలో పుట్టినా సరే, ఎండకు దూరమైన కొన్ని వారాల్లోనే శరీరం ఆ అలవాటును వదిలేసుకుంటుంది. పుట్టిన ఊరు పేరు చెబితే వడదెబ్బ వెనక్కి తిరిగిపోదు.

పరుగెత్తే మనిషికి వేడి పైనున్న ఎండ నుంచి మాత్రమే రాదు. కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు వేడిగానే మారుతుంది. ఆ వేడి బయటికి పోవడానికి ఉన్న ముఖ్యమైన దారి చెమట ఆరడం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే తప్ప ఆరదు. ఉక్కపోతలో ఉతికిన బట్టలు ఆరకపోవడం తెలిసిన వాళ్లకు ఈ విషయం పుస్తకం చదివి నేర్చుకోనక్కర్లేదు. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మనిషి తూలడం, పొంతన లేకుండా మాట్లాడటం, సాయం చేయబోయినవాళ్ల మీద విసుక్కోవడం మొదలైతే అది వడదెబ్బే. ఇంట్లో ముసలివాళ్లకు తగిలే వడదెబ్బలో ఒళ్లు పొడిబారి ఉంటుందని మనకు గుర్తు. పరుగెత్తేవాళ్లకు చెమటలు కారుతూ ఉండగానే తగులుతుంది. అందుకే పక్కనున్నవాళ్లు పోల్చుకోలేరు.

వేడిలో మారథాన్ ప్రాణాల మీదికి తెస్తుందన్నది పాత సంగతే. అసలు 42.195 కిలోమీటర్ల లెక్క పుట్టిందే ఒక వేడి రోజున. 1908 జూలై 24న లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలైన పరుగులో, ఇటలీ మిఠాయి దుకాణం పనివాడు డొరాండో పియెత్రి అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చి, దారి తప్పి, పదేపదే కూలిపోయాడు. అధికారులు లేవదీసి గీత దాటించారు. సాయం అందుకున్నాడని పతకం పోయింది. నాలుగేళ్ల తర్వాత స్టాక్‌హోమ్‌లో పోర్చుగల్ రన్నర్ ఫ్రాన్సిస్కో లజారో ప్రాణమే పోయింది. ఎండ తగలకుండా ఒంటికి కొవ్వు పూసుకోవడంతో చెమట రంధ్రాలు మూసుకుపోయాయని చెబుతారు. 2018లో ఎలిజబెత్ రాణి విండ్సర్ నుంచే బటన్ నొక్కి పరుగు ప్రారంభించారు, 1908 గుర్తుగా. ఆ గుర్తుకు తగ్గట్టే ఎండ కూడా వచ్చింది.

ఇక అసలు విషయానికి వద్దాం. లండన్ మారథాన్‌ను మిగతా పరుగుల నుంచి వేరు చేసేది విరాళాలు. ఒక్క రోజులో ఇంత సొమ్ము పోగుచేసే కార్యక్రమం మరొకటి ఉండదని పేరు. 2018లో 6 కోట్ల పౌండ్లు దాటింది. మొదలైనప్పటి నుంచి లెక్కేస్తే 2019 నాటికి 100 కోట్ల పౌండ్లు. క్యాన్సర్ పరిశోధన నుంచి ఖడ్గమృగాల రక్షణ దాకా ఎన్నో సంస్థలు ఆ ఆదివారం మీద ఆధారపడతాయి. లాటరీలో చోటు దొరకనివాళ్లు ఏదైనా సేవాసంస్థ తరఫున బిబ్ (రొమ్ము మీద అంటించుకునే నంబరు కాగితం) తీసుకుంటారు. బదులుగా ఇంత మొత్తం తెస్తామని మాట ఇవ్వాలి. సాధారణంగా అది రెండు వేల పౌండ్ల పైమాటే. ఆఫీసులో, చర్చిలో, బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో అడిగి పోగుచేస్తారు. చాలామంది పరుగెత్తేది పోయిన అమ్మ కోసమో, జబ్బుపడిన బిడ్డ కోసమో. బనియన్ వీపు మీద ఆ ఫొటో, ఆ పేరు ఉంటాయి.

మనం మొక్కు అనుకునేది ఇదే.

మొక్కుకున్నవాడు వెనక్కి తగ్గడు. అరికాళ్లు బొబ్బలెక్కినా శ్రీశైలం నడిచి వెళ్లేవాళ్లను ఏటా చూస్తున్నాం. పందెం కోసం పరుగెత్తేవాడికి ఒంట్లో తేడా చేస్తే ఆగిపోవడం తేలిక, ఇంకో పందెం ఉంటుంది. 2018లో ప్రపంచ రికార్డు కోసం వేగంగా మొదలుపెట్టిన కెన్యా మహిళ మేరీ కీటానీ చివర్లో నెమ్మదించి ఐదో స్థానంతో సరిపెట్టుకున్నారు. అది ఆమె వృత్తి, వృత్తిలో లాభనష్టాలు ఉంటాయి. తల్లి ఫొటో వీపున కట్టుకుని వచ్చిన స్కూలు టీచరుకు ఆ వెసులుబాటు ఉండదు. ఆగితే అమ్మకిచ్చిన మాట తప్పినట్టు, రెండు వందల మంది ఇచ్చిన డబ్బు ఎగ్గొట్టినట్టు అనిపిస్తుంది. ఆ టెన్షన్ ఎండకంటే బరువు.

పైగా ఎండంతా పడేది వాళ్ల మీదే. పది గంటలకు బయల్దేరిన పురుషుల విజేత, కెన్యా రన్నర్ కిప్‌చోగే 12 గంటల 4 నిమిషాలకల్లా గెలిచి నీడకు చేరాడు. ఆరు గంటల్లో పూర్తి చేసేవాళ్లు ఆ సమయానికి సగం దూరంలో ఉన్న టవర్ బ్రిడ్జి కూడా చేరి ఉండరు. వాళ్ల పరుగులో ఎక్కువ భాగం నడినెత్తిన సూర్యుడితోనే. ఆ రోజు ఎనిమిది, తొమ్మిది, పది మైళ్ల దగ్గర నీళ్లు అయిపోయాయి కూడా. ముందు వెళ్లినవాళ్లు దాహానికి రెండేసి సీసాలు అందుకున్నారు, ఒకటి తాగడానికి, ఒకటి నెత్తిన పోసుకోవడానికి. వెనక వచ్చినవాళ్లకు ఖాళీ బల్లలు మిగిలాయి. ఎండాకాలం వస్తే వీధి మొగలో చలివేంద్రం పెట్టి, కుండ అడుగంటకుండా చూసుకోవడమే పుణ్యమని నమ్మే మనకు, దానధర్మాల పేరుతో జరిగే పరుగులో నీళ్లు అయిపోవడం కాస్త విచిత్రంగానే ఉంటుంది.

షికాగో అయితే మరీ. 2007 అక్టోబర్ 7న అక్కడ 31 డిగ్రీలు దాటింది. సుమారు 36 వేల మంది బయల్దేరితే మూడున్నర గంటలకు పరుగును ఆపేశారు, వెనకున్నవాళ్లను నడిచి వెళ్లిపొమ్మని హెలికాప్టర్ నుంచి మైకులో చెప్పారు. గీత దాటినవాళ్లు దాదాపు 25 వేలు. అక్కడా నీళ్ల గొడవే, అక్కడా దెబ్బ నెమ్మదిగా వచ్చేవాళ్లకే. ఆ అనుభవం తర్వాతే అక్కడ జెండాల పద్ధతి వచ్చింది: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నలుపు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరుతో తేమను, ఎండను, గాలిని కలిపి లెక్కకట్టి, నల్ల జెండా ఎగిరితే పరుగు ఆపడమే. మంచి పద్ధతే. కానీ జెండా ఎర్రబడితే మొక్కున్నవాడు ఏం చేస్తాడు? చూసి, నిట్టూర్చి, పరుగెడుతూనే ఉంటాడు.

దీనికి మందు బోస్టన్‌లో ఉంది. 2012 ఏప్రిల్‌లో అక్కడ 30 డిగ్రీలు దాటుతుందని తెలిసి, నిర్వాహకులు ఒక మాట అన్నారు: బిబ్ తీసుకుని ఇవాళ పరుగెత్తకపోయినా, వచ్చే ఏడాది మీ చోటు మీకే. అయినా 22 వేల మందికి పైగా బయల్దేరారు, రెండు వేల మందికి పైగా వైద్య శిబిరాలకు చేరారు. ముందటి ఏడు 2 గంటల 3 నిమిషాల్లో ముగిసిన పురుషుల పరుగును గెలవడానికి ఈసారి 2 గంటల 12 నిమిషాలు పట్టింది. ఆ వాయిదా అవకాశమే లేకపోతే శిబిరాల్లో ఇంకెంతమంది ఉండేవారో!

మన దగ్గర దీనికి ఎప్పటి నుంచో ఒక మాట ఉంది, ముడుపు. మొక్కు తీర్చుకునే వీలు ఇప్పుడు లేకపోతే పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుడి గూట్లో పెడతాం. వచ్చే ఏడు వస్తాను స్వామీ అని చెప్పుకుంటాం. మాట నిలబడుతుంది, మనిషీ నిలబడతాడు. కొండమీది దేవుడే వాయిదా ఇస్తున్నప్పుడు సేవాసంస్థలు ఇవ్వకూడదా? లాటరీలో వచ్చిన చోటు ఓ మనిషిది. సంస్థ ద్వారా వచ్చిన చోటు సంస్థది. కాబట్టి వాయిదా ఇవ్వాలో వద్దో తేల్చాల్సింది ఆ సంస్థలే. విరాళం కోసం వెతుక్కునే ముందే, ఎండ ఎక్కువైతే ఆగిపోవచ్చని, పోగుచేసిన డబ్బు ఎక్కడికీ పోదని రాతపూర్వకంగా చెప్పాలని మేం కోరుతున్నాం. డబ్బు నిజంగానే ఎక్కడికీ పోదు. దాతల్లో చాలామంది పరుగుకు ముందే ఇచ్చేస్తారు. గీత దాటలేదని ఎవరూ తిరిగి అడగరు. ఈ సంగతి పరుగెత్తేవాడికి మాత్రమే తెలియదు.

అందుకు 2018 లండనే సాక్ష్యం. ఆ రోజు ఇరవై రెండున్నర మైళ్ల దగ్గర ఒక యువకుడు కూలిపోయి చనిపోయాడు. ఆ మరణాన్ని ఎండ ఖాతాలో వేయడం మా ఉద్దేశం కాదు. అతను ఒక సంస్థ కోసం 2,500 పౌండ్లు పోగుచేయాలనుకున్నాడు. అతను ఆగిపోయిన చోటి నుంచి మిగిలిన 3.7 మైళ్లను అతని పేరుతో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎక్కడెక్కడో నడిచారు, పరుగెత్తారు. విరాళం 3 లక్షల పౌండ్లు దాటిపోయింది. జనం ఇచ్చింది పూర్తయిన పరుగుకు కాదు.

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో ఒక ఆదివారం జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ. వానాకాలం కాబట్టి ఎండ ఏముంటుందిలే అనుకుంటారు. తెల్లవారుజామున థర్మామీటరు మళ్లీ అదే 24 దగ్గరే చూపించవచ్చు, గాలి మాత్రం తడి గుడ్డలా ఒంటికి అంటుకుంటుంది. తెల్లవారకముందే మొదలుపెట్టడం తెలివైన పని. ముంబయిలో ఇంకో మంచి అలవాటుంది. అక్కడ మామూలు జనం ఐదు గంటల ప్రాంతంలో బయల్దేరితే, పేరున్న అథ్లెట్లు ఏడు దాటాక వస్తారు. టీవీ కోసమే కావచ్చు గానీ, చల్లటి గంటలు నెమ్మదిగా వెళ్లేవాళ్లకే దక్కుతున్నాయి. లండన్‌లాంటి నగరాలు ఇక్కడి నుంచి నేర్చుకోదగ్గది ఇది.

వైద్య శిబిరాల గురించి ఒక మాట. వడదెబ్బ తగిలిన రన్నర్‌ను అంబులెన్సులో పడేసి ట్రాఫిక్‌లో తిప్పడం ప్రమాదం. అక్కడికక్కడే ఐసు నీళ్ల తొట్టెలో మెడదాకా ముంచి, చల్లబడ్డాకే ఆసుపత్రికి పంపాలని క్రీడా వైద్యులు ఏళ్లుగా చెబుతున్నారు. తొట్టె ఖరీదు ఎంతని! పెళ్లిళ్లలో కూల్‌డ్రింకులు చల్లబరచడానికి పెట్టే టబ్బు చాలు. అలాగే నీళ్లు అదేపనిగా తాగించడమూ మంచిది కాదు. 2002లో బోస్టన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం పడిపోయి ఉంది. మితిమీరి తాగడం దానికి ఒక ముఖ్య కారణం. దాహమేస్తే తాగడం, కాస్త ఉప్పు తగలడం. మన మజ్జిగకు ఈ లెక్క ముందే తెలుసు.

ఇప్పుడు తెలుగు నగరాల్లో ఏదో ఒక మంచి పని పేరుతో జరిగే ఐదు కె, పది కె పరుగులకు లెక్కే లేదు. కొన్ని ఎండాకాలం మొదట్లోనే పెడుతున్నారు, ముఖ్య అతిథి కోసం ఏడున్నర దాకా ఆపుతున్నారు. అతిథి ఏసీ కారులో వచ్చి జెండా ఊపి వెళ్లిపోతారు. స్కూలు పిల్లలు మాత్రం అప్పటికే గంటన్నరగా ఎండలో నిలబడి ఉంటారు. జెండా ఊపేవారు ఎవరైనా సరే, చెప్పిన వేళకు రాకపోతే వాలంటీరు చేతికి జెండా ఇచ్చి పరుగు మొదలుపెట్టేయాలి. రిజిస్ట్రేషన్ ఫారంలో టీ షర్టు సైజు అడిగే గడి పక్కనే ఇంకో గడి చేర్చాలి: ఎండ ఎక్కువైతే నా చోటు వచ్చే ఏడాదికి మార్చండి, విరాళం మాత్రం ఈ ఏడాదే అందజేయండి.