గోడ అవతలి చదువు

విశాఖలో నేవీ పక్కన పెరిగిన పిల్లలకు కొన్ని సంగతులు ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి. మల్కాపురం, సింధియా, గోపాలపట్నం పిల్లల్ని అడగండి. ఏ గోడ పక్కన సైకిల్ ఆపకూడదో, ఏ గేటు ముందు ఫోన్ బయటికి తీయకూడదో టకటకా చెబుతారు. గోడ అవతల ఏం చేస్తారని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. అందులో చెప్పకూడనిది ఉంది, కాదనం. దేశ రక్షణ విషయంలో గుట్టు గుట్టుగానే ఉండాలి. కానీ చెప్పదగింది కూడా బోలెడుంది. అది అందరికంటే ముందు విశాఖ పిల్లలకే దక్కాలి.

ఎన్ఏడీ కొత్తరోడ్డుకు దగ్గర్లోనే ఎన్ఎస్‌టీఎల్ ఉంది. 1969లో పెట్టిన ఈ నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలే వరుణాస్త్ర టార్పెడోను, అంటే నీటి అడుగున దూసుకుపోయి పేలే ఆయుధాన్ని, రూపొందించింది. 2016లో అది నౌకాదళం చేతికి వచ్చింది. ఆ ఆవరణలో 500 మీటర్ల పొడవున ఒక నీటి తొట్టి ఉంది. దాని వెంబడి పట్టాలు, పట్టాల మీద పరుగెత్తే బండి, బండికి తగిలించి నీటిలో దింపిన నమూనా ఓడ. బండి లాక్కుపోతుంటే నీరు ఎంత ఎదురు తంతోందో పరికరాలు కొలుస్తాయి. ఆ లెక్కను పెంచుకుంటూ పోయి అసలు ఓడకు ఎంత శక్తి గల ఇంజన్ కావాలో తేలుస్తారు. ఘర్షణ పాఠం బట్టీపట్టే మన సర్కారు బడి పిల్ల ఆ తొట్టి పక్కన ఒక్క గంట నిలబడితే, ఆ పాఠం జన్మలో మరిచిపోదు.

సముద్రమే ఎదురుగా ఉండగా తొట్టెలు, చెరువులు ఎందుకన్న ప్రశ్న ఏ పిల్లకైనా వస్తుంది. అసలు సైన్సు అక్కడే ఉంది. సముద్రం గోలగోలగా ఉంటుంది. అలలు, ఓడలు, చివరికి రొయ్యలు కూడా చప్పుడు చేస్తాయి. పైగా మన బంగాళాఖాతంలో గోదావరి, మహానది, గంగ తెచ్చిపోసిన మంచినీరు ఉప్పునీటి మీద పొరలా పరుచుకుంటుంది. పొర మారిన చోటల్లా శబ్దం దారి వంగిపోతుంది. జలాంతర్గామి ఎంత చప్పుడు చేస్తోందో కచ్చితంగా వినాలంటే నిశ్శబ్దంగా, లోతుగా ఉండే నీళ్లు కావాలి. కేరళ ఇడుక్కి కొండల్లో, కుళమావు జలాశయంలో మన దేశం సోనార్ (శబ్దంతో నీటి అడుగున ఉన్నవాటిని పసిగట్టే పరికరం) పరీక్షలు జరిపేది అందుకే.

అమెరికా నౌకాదళం కూడా ఇదే కారణంతో సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, ఐడాహో రాష్ట్రంలోని పాండొరే సరస్సును ఎంచుకుంది. దాని లోతు సుమారు 350 మీటర్లు. ఒడ్డున బేవ్యూ అనే చిన్న ఊరు. మనుషులు లేకుండా నడిచే నమూనా జలాంతర్గాములను అక్కడ పరీక్షిస్తారు. ఒకదాని పేరు కొకనీ, ఇంకోదాని పేరు కట్‌త్రోట్. రెండూ ఆ సరస్సులో దొరికే చేపలే! ఒడ్డున గాలం వేసే పిల్లలకు చిన్నప్పటి నుంచీ తెలిసిన చేపల పేర్లు దేశ ఆయుధ పరిశోధనకు ఎక్కాయి. ఆ పేర్ల వల్ల ఏ రహస్యమూ బయటపడలేదు. మన కోనెం, చందువ పేర్లు కూడా ఏదో ఒకరోజు ఒక నమూనాకు పెడితే జాలారిపేట పిల్లవాడు ఎంత మురిసిపోతాడో!

బీచ్‌రోడ్డులో మ్యూజియంగా మార్చిన పాత జలాంతర్గామి కురుసుర ఉంది కదా అంటారు. ఉంది, ఉండాలి కూడా. 2002 నుంచి ఊరి పిల్లలంతా దాని గుండ్రటి ద్వారాల్లో తల వంచి దూరి, ఇరుకు బంకులు చూసి నోరు తెరిచినవాళ్లే. కానీ అది అయిపోయిన కథ. ఇప్పుడు జరుగుతున్న పని చూస్తేనే రేపు ఆ పని చేయాలన్న ఆశ పుడుతుంది. ఏడాదికి ఒకరోజు ప్రదర్శనతో సరిపెట్టకుండా, నెలకొక ప్రభుత్వ పాఠశాల చొప్పున లోపలికి పిలవాలని, చూపదగిన వాటిని తెలుగులో వివరించాలని ఎన్ఎస్‌టీఎల్‌ను కోరుతున్నాం. స్థానిక ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు అక్కడి వర్క్‌షాపుల్లో అప్రెంటిస్ అవకాశాలు పెంచాలి.

ఇందులో ముందు వరుస మత్స్యకారుల పిల్లలది. రాంబిల్లి తీరంలో కొత్త నౌకాదళ స్థావరం కోసం ఊళ్లు వదిలింది ఆ కుటుంబాలే. క్షిపణి పరీక్ష అన్నప్పుడల్లా వేట ఆపుకునేదీ వాళ్లే. ఫలానా మేర సముద్రంలోకి రావద్దన్న హెచ్చరిక అక్షాంశ రేఖాంశాల్లో వెలువడితే, ఫైబర్ పడవ మీద వెళ్లే తండ్రికి దానివల్ల ఒరిగేదేముంది? డాల్ఫిన్ నోస్ కొండకు ఏ దిక్కున, ఎన్ని బారల లోతు దాకా వెళ్లవచ్చో ముందురోజు సాయంత్రానికల్లా ఫిషింగ్ హార్బర్‌లో, జాలారిపేటలో, భీమిలిలో మైకులో తెలుగులో చెప్పించాలి. నేవీ, మత్స్యశాఖ అధికారులు ఒక్కపూట కలిసి కూర్చుంటే, వచ్చే పరీక్ష నాటికే దీన్ని మొదలుపెట్టవచ్చు.