నాజిల్ తరఫున నాలుగు మాటలు

అమలాపురంలో మా బావమరిది సెల్ రిపేరు షాపులో ఏళ్ల తరబడి ఒక అన్యాయం జరుగుతోంది. ఫోను లోపలి సర్క్యూట్ బోర్డు మీద ఏం పాడైనా తప్పు నాజిల్ మీదకి, అంటే వేడిగాలి మిషన్ మూతికి తగిలించే గొట్టం మీదకి పోతుంది. నోరు లేనిది కాబట్టి దాని తరఫున వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను.

మొన్నటి కేసే చూడండి. రొయ్యల చెరువులో పడిన ఫోను వచ్చింది. మావాడు బ్లోయర్‌కి, అదే ఆ వేడిగాలి మిషన్‌కి, ఉన్నవాటిలో సన్న నాజిల్ తగిలించాడు. "సన్నదైతే గురి కుదురుతుంది బావా" అన్నాడు. గాలి నాబ్ మాత్రం నిన్న ఎక్కడుందో అక్కడే, ఫుల్లులో ఉంది. లాకుల దగ్గర తలుపు జానెడు ఎత్తితే నీళ్లెలా ఉరుకుతాయో కోనసీమలో పుట్టినవాడికి చెప్పాలా? గాలీ అంతే. 1 మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు ఉన్న కెపాసిటర్ అనే బుల్లి పార్టు బోర్డు మీంచి లేచిపోయింది. నూకగింజ కన్నా చిన్నది. ముగ్గురం మోకాళ్ల మీద కూర్చుని సెల్ లైటు వేసి వెతికాం. దొరికినవి రెండు స్క్రూలు, ఒక జీడిపప్పు బద్ద. బద్ద మావాడు నోట్లో వేసుకుని తీర్పు చెప్పాడు: నాజిల్ మంచిది కాదు.

తర్వాత పెద్ద ఐసీ, అంటే చిప్పు, ఊడదీయాలి. దానికీ అదే సన్న నాజిల్. వెడల్పువి మూడు, మిషన్ కొన్ననాటి కవర్లోనే భద్రంగా ఉన్నాయి. వెడల్పుది పెట్టి నిదానంగా తిప్పుతూ కాస్తే దాన్ని బోర్డుకి అతికించిన సోల్డర్ అనే లోహం నాలుగు పక్కలా సమంగా కరిగేది. ఇక్కడ ఒక మూల కరిగింది, మిగతా మూడూ పట్టు వదల్లేదు. ఫోన్లలో మామూలుగా వాడే సీసం లేని సోల్డర్ కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి. "మిషన్ మీద 350 ఉంది కదా!" అంటూ ట్వీజరుతో లాగాడు. ఐసీతో పాటు అది అతుక్కునే కింది రాగి బిళ్లలు, ప్యాడ్లూ వచ్చేశాయి. ఆ 350 గాలిది. బోర్డు లోపలి రాగి పొరలు వేడిని తాగేస్తుంటే కింద ఎంత మిగిలిందో ఆ అంకె చెప్పదు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆవిడ కుండ కాగిందో లేదో రేకు తీరు చూసి చెబుతుంది, డిగ్రీలు అడగదు. ఈ మాట అంటే మావాడు నొచ్చుకుంటాడు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సాయంత్రం ఫోను ఆసామి వచ్చాడు.

"అయిందాండీ?"

"ఆయ్, కొత్త నాజిల్ తెప్పించాలండి. ఇది పనికిరాదు."

ఆసామి నాజిల్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అవునండీ, చూస్తేనే తెలుస్తోంది" అన్నాడు.