పూతరేకులు పొడి చేసిన గుంట

ఇవాళ ఆత్రేయపురం నుంచి వియ్యాలవారి కోసం రెండు పెట్టెల పూతరేకులు తెస్తున్నాను, నేతివి. లాకులు దాటి కాలువ గట్టు రోడ్డు ఎక్కానో లేదో, నీళ్లు నిండిన గుంటలో బండి దిగబడింది. నేను పడలేదు. పెట్టెలు పడ్డాయి. ఇంటికొచ్చి విప్పితే అంతా పొడే. వియ్యపురాలు ఒక్క మాటా అనకుండా చెంచా అడిగింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ రోడ్డు వేసి నాలుగు నెలలు. ‘పాలిమర్ కలిపిన తారు’, అంటే రబ్బరు, ప్లాస్టిక్ లాంటి పదార్థం కలిపిన తారు, అని బోర్డు కూడా పెట్టారు, మనం మురిసిపోవాలిగా! గుంటలోంచి ఒక కంకర రాయి తీసి చూశాను. కడిగిన బియ్యంలా ఉంది. ఒక మూల మిగిలిన తారు గోటితో గీకితే పొరలా లేచి వచ్చింది.

పాలిమర్ కలిపితే ఎండకు తారు మెత్తబడదు, లారీల బరువుకు గాడి పడదు. ఒప్పుకుంటాను. నీళ్లలో రాయిని వదలకుండా పట్టుకోవడం వేరే విద్య. రాయికి తారు కంటే నీళ్లంటేనే మక్కువ. సందు దొరికితే నీరు తారు కిందికి దూరి పొరను లేపుతుంది, పైన చక్రం తొక్కినప్పుడల్లా ఇంకా లోపలికి పోతుంది. దీనికి మందు చంద్రమండలంలో ఉందా? చల్లార్చిన సున్నపు పొడి, కంకరలో నూటికి ఒకటి రెండు పాళ్లు! దుమ్ము లేని కంకర! కిళ్లీలోకి సున్నం ఎంత రాయాలో కొలత తెలిసిన మనకు రోడ్డులోకి వచ్చేసరికి చేయి రాదు.

పరీక్ష కూడా ఉంది. తారు పట్టించిన కంకరను 40 డిగ్రీల నీళ్లలో 24 గంటలు నానబెట్టి, ఎంత ఊడిందో చూస్తారు. మా గట్టు మీద నాలుగు నెలలుగా ఆ పరీక్షే జరుగుతోంది, ఉచితంగా.

అసలు అన్ని నీళ్లు ఎక్కడివి? ఒక పక్క కాలువ, రెండో పక్క రొయ్యల చెరువు. మధ్యలో మురుగు బోదె ఉండేది. ఆరేళ్ల కిందట దాన్ని పూడ్చి చెరువు గట్టులో కలిపేసుకున్నారు. గ్రామసభలో లేచి అడిగితే ‘నీకు చెరువు లేదుగా బాబాయ్, నీకెందుకు’ అని నవ్వారు. ఆ నవ్విన వాళ్లే ఏటా కాటన్ దొర విగ్రహానికి దండలు వేస్తారు. 1852లో ఆనకట్ట కట్టి నీళ్లు తెచ్చాడని పొగుడుతారు. ఆ నీళ్లు పోయే దారి మాత్రం వీళ్ల చెరువులో ఉంది.

ఇది రాస్తుండగానే రొయ్యల లారీ వెళ్లింది, వెనక ఐసు నీళ్లు ధార కట్టి. గుంట మళ్లీ నిండి ఉంటుంది.