గ్యారేజీలో ఒక జాతీయ ప్రాజెక్టు

పొదుపు గురించి అమెరికా తెలుగువాడికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కాఫీ కొన్నా ధరను రూపాయల్లోకి మార్చుకుని గుండె చిక్కబట్టుకునే జాతి మనది. 401కె రిటైర్మెంటు ఖాతా నింపాడు, ఇండెక్స్ ఫండ్లు కొన్నాడు, శంకర్‌పల్లి దగ్గర ప్లాటు కొని దాని హద్దురాళ్ల కోసం బామ్మర్దిని పరుగులు పెట్టించాడు. ఇన్ని చేశాక, నలభై అయిదు దాటిన ఏదో ఒక వసంతంలో గృహస్థుకి అసలైన పెట్టుబడి కంటబడుతుంది. 1962 నాటి పదహారడుగుల అల్యూమినియం మోటారు పడవ, ట్రైలరుతో కలిపి 500 డాలర్లు. అలాంటిదే కొత్తది కొనాలంటే పాతిక వేలు. అంటే కొన్న క్షణంలోనే 24,500 డాలర్లు మిగిలాయి. ఈ లెక్కలో తప్పెక్కడుందో ఆ ఇంటి ఇల్లాలు ఇంతవరకూ నిరూపించలేకపోయింది. పాతిక వేల పడవ కొనమని అతన్ని ఎవరడిగారన్నది వేరే ప్రశ్న. దానికి బడ్జెట్లో పద్దు లేదు.

ఆ గృహస్థు మీద ఇంటా బయటా జరుగుతున్న దుష్ప్రచారాన్ని తిప్పికొట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం. మనవాడు మిన్నెసోటాలో ఉంటాడనుకుందాం. కారు నంబరు ప్లేటు మీద ‘పదివేల సరస్సులు’ అని కొట్టించుకుని, తీరా పదెకరాలూ అంతకు మించినవీ లెక్కపెడితే 11,842 తేలిన రాష్ట్రం అది. అంచనాకీ వాస్తవానికీ ఉన్న తేడాని ప్రతి బంపరుకీ తగిలించుకుని తిరిగే చోట ఒక గ్యారేజీ లెక్క తప్పితే అంత గోల దేనికి?

ముందుగా అమ్మకం ప్రకటనలోని వాక్యానికి నమస్కరించాలి. ‘చివరిసారి ఆపినప్పుడు ఇంజను బాగానే నడిచింది.’ ఇందులో అక్షరం కూడా అబద్ధం లేదు. నడవని ఇంజనుని ఆపడం ఎవరి తరం? ఎప్పుడు ఆపాడన్నది మాత్రం ప్రకటనలో ఉండదు. ట్రైలరు చక్రాల మధ్య మొలిచిన చెట్టు మానుని బట్టి మనమే లెక్క కట్టుకోవాలి.

ఇక వంశ చరిత్ర. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయేసరికి అమెరికాలో విమానాల ఫ్యాక్టరీలకి పని తగ్గింది. అల్యూమినియం రేకులూ మిగిలాయి, రివెట్లు కొట్టడం నేర్చిన చేతులూ మిగిలాయి. హెల్‌క్యాట్ యుద్ధవిమానాలు చేసిన గ్రమ్మన్ కంపెనీ 1945లో అదే లోహంతో కనూ పడవలు మొదలుపెట్టింది. మిన్నెసోటాలోనే 1946లో అల్యూమాక్రాఫ్ట్, క్రెస్ట్‌లైనర్, 1948లో లండ్ పుట్టాయి. కాబట్టి గ్యారేజీలో ఉన్నది దారి తప్పిన యుద్ధవిమానమని గృహస్థు విందుకొచ్చిన వాళ్లకి చెబితే చరిత్ర పూర్తిగా కాదనదు. కాదనేది వంటగదిలోంచి వినిపించే దగ్గు ఒక్కటే.

చెక్క పడవకి సంస్కారం ఉంది. కాలం తీరగానే పుచ్చిపోయి, తనంత తానే తప్పుకుంటుంది. అల్యూమినియానికి ఆ మర్యాద తెలీదు. గాలి తగిలిన వెంటనే ఒంటిమీద పల్చటి ఆక్సైడ్ పొర కప్పుకుని అరవై ఏళ్లయినా అలాగే కూర్చుంటుంది. చావదు కాబట్టి చేతులు మారుతుంది. చచ్చేవి మిగతావన్నీ: వెనక పలక, నేల, సీట్లు, వైర్లు, ట్రైలరు బేరింగులు, మోటారు. చివరికి గృహస్థు 500 డాలర్లకి కొన్నది ఒక పెద్ద గిన్నె. అదీ చిల్లుగిన్నె.

ఇప్పుడు అసలు విషయం, బడ్జెట్. ఖర్చుని ప్రణాళికా వ్యయం, ప్రణాళికేతర వ్యయం అని విడగొట్టే పద్ధతిని ఢిల్లీలో 2017-18 బడ్జెట్‌తో ఎత్తేశారు. గ్యారేజీల్లో ఇంకా అమల్లోనే ఉంది. పెయింటు, ప్లైవుడ్ ప్రణాళికా వ్యయం కిందికి వస్తాయి. పెయింటు గీకడానికి కొన్న గ్రైండరు, గ్రైండరు కోసం కొన్న కంప్రెసరు, కంప్రెసరు శబ్దానికి పక్కింటాయనకి కొనిచ్చిన వైన్ సీసా ప్రణాళికేతరం. వీటిని పడవ ఖాతాలో వేయకూడదు, పనిముట్లు శాశ్వత ఆస్తులు. ఈ సూత్రం ప్రకారం పడవ మీద ఇంతవరకూ అయిన ఖర్చు పెయింటు డబ్బా ఒక్కటే.

అంచనాలు పెరగడం గురించి మనకి, ముఖ్యంగా గోదావరి నీళ్లు తాగిన వాళ్లకి, ఎవరూ చెప్పనక్కర్లేదు. పోలవరం ఖర్చు 2005-06 ధరల్లో 10,151 కోట్లు. 2010-11 ధరల్లో 16,010 కోట్లు. 2017-18 ధరల్లో 55,548 కోట్లు. అయినా ఎవరైనా దాన్ని పోలవరం కాదన్నారా? లేదు, జాతీయ ప్రాజెక్టన్నారు. మరి 1,500 డాలర్ల అంచనాతో మొదలైన పడవ పని 9,000 దాటితే దాన్ని పిచ్చి అనడం ఏం న్యాయం? అక్కడ ఉన్నవన్నీ ఇక్కడా ఉన్నాయి. నిర్వాసితులు కూడా. గ్యారేజీలోంచి టయోటా సియెన్నా కారుని ఖాళీ చేయించారు. మైనస్ ఇరవైలో అది బయట మంచు కప్పుకుని నిలబడితే, పొద్దున్నే దాని అద్దాలు గీకే ఇల్లాలికి పునరావాస ప్యాకేజీ కింద ఒక మంచి గీకుడుకర్ర ఇచ్చారు. మిగతా పరిహారం పరిశీలనలో ఉంది.

పనుల్లో అతి పవిత్రమైనది ట్రాన్సమ్. అంటే మోటారు వేలాడే వెనక పలక. బయటికి కనిపించేది అల్యూమినియం రేకే కానీ లోపల బరువు మోసేది ప్లైవుడ్. స్క్రూ బెజ్జాల్లోంచి దిగిన నీటికి అరవై ఏళ్లలో అది కాఫీపొడి అయి ఉంటుంది. గృహస్థు పొదుపుగా హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి, చెదలు పట్టని ట్రీటెడ్ ప్లైవుడ్ తెచ్చాడా, కథ అయిపోయినట్టే. చెదలు పట్టకుండా అందులో ఎక్కించేది రాగి లవణాలు. రాగి, తడి, అల్యూమినియం ఒకచోట చేరితే చిన్న బ్యాటరీ తయారవుతుంది, అందులో కరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. అరవై ఏళ్లు ఎవరికీ లొంగని రేకు చవక చెక్క పక్కన కాపురం పెట్టగానే చిల్లులు పడుతుంది. అందుకే మెరైన్ ప్లైవుడ్, స్టెయిన్‌లెస్ బోల్టులు. అడుగుకి నాచు పట్టకుండా వేసే రాగి పెయింటు కూడా దీనికి నిషిద్ధమే.

ఈ రసాయన శాస్త్రం తెలియక జరిగే అనర్థం ఒకటుంది. అమలాపురం నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చిన తల్లి పడవకి పసుపూ కుంకుమా పెట్టి, శుభమా అని పాతకాలపు రాగి కానీ ఒకటి అడుగున జారవిడుస్తుంది. రాజమండ్రి వంతెన మీద రైలు కిటికీలోంచి గోదారమ్మకి వేసిన చేయి అది, ఊరుకోదు. గృహస్థు టార్చిలైటు పట్టుకుని ఆ కానీ కోసం అర్ధరాత్రి దాకా వెతుకుతాడు. తల్లికి గాల్వానిక్ క్షయం గురించి వివరించే ధైర్యం అతనికి లేదు, నాకూ లేదు.

ప్లైవుడ్‌లోకి నీళ్లు దిగకుండా ఏం పూయాలన్న దాని మీద మూడు మతాలున్నాయి. ఎపాక్సీ వారిది అద్వైతం: పూశాక చెక్కా పూతా ఒకటే. స్పార్ వార్నిష్ వారిది ద్వైతం: చెక్క వేరు, పూత వేరు, ఎన్నేళ్లయినా వాటి మధ్య భేదం పోదు, అప్పుడప్పుడూ మళ్లీ పూయాలి. ఉడికించిన అవిసె నూనెలో వార్నిష్, టర్పెంటైన్ కలిపేవాళ్లు విశిష్టాద్వైతులు. ముగ్గురూ ఏకాభిప్రాయానికి వచ్చే సంగతి ఒకటే, పక్కవాడి పడవ మునుగుతుంది.

నేల పీకితే కింద నురుగు బయటపడుతుంది. మునగకుండా కాపాడటానికి వేసిన ఫోమ్ అది. పొడిగా ఉన్నప్పుడు ఘనపుటడుగుకి కిలో కూడా తూగదు. ఘనపుటడుగు నీళ్లు మాత్రం 28 కిలోలు. దశాబ్దాలుగా అది నీళ్లే తాగుతూ ఉంది. తేల్చడానికి నియమించిన శాఖే ముంచే స్థాయికి ఎదిగిందన్న మాట. ఇలాంటి శాఖలు మనకి కొత్తేం కాదు కాబట్టి ఆగనక్కర్లేదు.

ఆగాల్సింది రివెట్ల దగ్గర. పడవ ఒంటినిండా వందల కొద్దీ రివెట్లు, అందులో ఏవి కారుతున్నాయో తెలుసుకోవడానికి పెద్దలు చెప్పిన పరీక్ష ఇది: ట్రైలరు మీదే పడవలో నీళ్లు నింపి, కిందికి దూరి పడుకుని, చుక్క పడిన ప్రతి చోటా మార్కరుతో సున్నా చుట్టాలి. పడవని నీళ్లలో పెట్టాల్సింది పోయి నీళ్లని పడవలో పెట్టిన ఆ దృశ్యాన్ని వీధి వీధంతా చూస్తుంది. పడవలు రోడ్డుకి కనపడరాదని రాసిపెట్టుకున్న కాలనీ సంఘం కూడా నోట్సు రాసుకుంటుంది. ఎక్కువ నింపితే ఆ బరువుకి ట్రైలరు కూలుతుంది, అది మళ్లీ ప్రణాళికేతరం.

వదులైన రివెట్‌ని మళ్లీ బిగించాలంటే ఇద్దరు కావాలి. బయట ఒకరు గాలి తుపాకీతో రివెట్ తల మీద దడదడలాడిస్తుంటే, లోపల ఒకరు బరువైన ఇనుపదిమ్మెని రెండో కొసకి అదిమిపట్టాలి. దిమ్మె జారితే రేకుకి సొట్ట. తుపాకీ ఎవరి చేతిలో ఉంటుందో, పడవ లోపల దిమ్మె పట్టుకుని ఎవరు వంగుని కూర్చుంటారో చెప్పనక్కర్లేదు. సప్తపదిలో ఏడడుగులే ఉన్నాయి, ఎనిమిదోది ఇదని పురోహితుడు ఆరోజు చెప్పి ఉంటే బాగుండేది.

“ఏమండీ, ఇంకెన్ని ఉన్నాయి?”

“అయిపోవచ్చాయి.”

“ఇందాకా అదే అన్నారు.”

“ఇందాకటివి కుడివైపువి.”

పక్కనే కుర్చీలో కూర్చున్న తండ్రి లంక గ్రామంలో పుట్టి రోజూ పడవ దాటి బడికెళ్లినవాడు. ఆయన చాలాసేపు చూసి, “ఒరే అబ్బాయ్, పడవన్నాక కారదా ఏమిటి? ఓ డబ్బా పెట్టుకుని తోడుకుంటూ పోయేవాళ్లం కదరా” అన్నాడు. గృహస్థు జాలిగా నవ్వి, ఆ రాత్రే ఆటోమేటిక్ పంపు, దానికో బ్యాటరీ, బ్యాటరీకో చార్జరు ఆర్డరు పెట్టాడు. తండ్రి సలహాని మన్నించడమంటే అదే.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. 1972 నవంబరు తర్వాత చేసిన ప్రతి పడవకీ అమెరికాలో పన్నెండక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. అంతకు ముందు పుట్టినవాటికి లేదు. అంటే మన పడవకి జనన ధ్రువపత్రం లేదు, మొదటి యజమాని ఎవరో తెలియదు, ఎన్ని సరస్సులు తిరిగిందో రికార్డు లేదు. అయినా దరఖాస్తు పెడితే ఆ సీజన్లోనే రిజిస్ట్రేషన్ నంబరు చేతికొచ్చింది. పదిహేనేళ్లుగా పన్నులు కడుతూ, వేలిముద్రలు, జీతం చీటీలు, పెళ్లి ఫొటోలతో సహా సమర్పించిన దాని యజమాని మాత్రం గ్రీన్‌కార్డు వరసలోనే ఉన్నాడు. ఆ ఇంట్లో స్థిరనివాస హోదా ఉన్నది ఇప్పుడు పడవకే.

మోటారు పాత ఎవిన్‌రూడ్. దీని వెనక ప్రేమకథ ఉంది. ఓలే ఎవిన్‌రూడ్ అనే నార్వే వలసదారుడు విస్కాన్సిన్లో ఓ ఎండాకాలం ప్రియురాలు అడిగిందని ఐస్‌క్రీమ్ తేవడానికి సరస్సు మీద తెడ్డు వేసుకుంటూ వెళ్లాడట. తిరిగొచ్చేసరికి అది కరిగిపోయిందట. ఆ ఉక్రోషంలో పుట్టిన మోటారు 1909లో అమ్మకానికి వచ్చింది. 2020లో తయారీ ఆపేశారు. ప్రియురాలి కోసం పుట్టిన యంత్రాన్ని బాగుచేస్తూ భార్యతో మాట్లాడ్డం మానేసిన వాళ్లు ఈ నూట పదేళ్లలో ఎందరో. కార్బ్యురేటరు కడగాలి, నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లరు మార్చాలి, కంప్రెషన్ చూడాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత గొట్టాలు మెత్తబడి ఊరుకుంటాయి. చల్లని గ్యారేజీలో పెయింటు ఆరదు కాబట్టి చలికాలం పని సాగదు. ఎండాకాలం పని సాగుతుంది, కానీ అప్పుడు అందరూ సరస్సు మీద ఉంటారు. పడవ సిద్ధమయ్యేది అక్టోబరులో. నవంబరు దాటితే సరస్సు మీద నడిచే వెళ్లొచ్చు.

అయినా ఏదో ఒక మే నెలలో ప్రాజెక్టు మొదటి దశని జాతికి అంకితం చేసే రోజు వస్తుంది. రివెట్లన్నీ మూశారు, అతుకులన్నీ పూశారు. అప్పుడు తెలుస్తుంది, పడవ వెనక అడుగున కంపెనీవాడే కావాలని పెట్టిన చిల్లు ఒకటుందని. లోపలి నీళ్లు బయటికి పోవడానికి. దానికో బిరడా. ఒక సరస్సులోని జీబ్రా ఆల్చిప్పలు ఇంకో సరస్సుకి పాకకుండా, రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఈ బిరడా తీసే ఉంచాలని మిన్నెసోటా చట్టం. రేవులో దింపేముందు పెట్టుకోవాలి. మర్చిపోయి దింపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, రేవు దగ్గర కుర్చీలేసుకుని వాళ్ల కోసమే చూసేవాళ్లూ ఉంటారు.

బిరడాకి బడ్జెట్లో కేటాయించింది నాలుగు డాలర్లు. మొత్తం ప్రాజెక్టులో అంచనా దాటని పద్దు అదొక్కటే అని గృహస్థు గర్వంగా చెప్పుకునేవాడు. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని రేవుకి వెళ్లే దారిలో రెండోది కొన్నాడు.