డ్రోన్ ఇన్సూరెన్స్: కూలే డ్రోన్ కన్నా పక్క చేనే ఖరీదు

నల్లగొండ జిల్లాలో వరి మడిని ఆనుకుని పత్తి చేను ఉండటం మామూలే. వరిలో కలుపు చావడానికి 2,4-డి కొడుతుంటే గాలి కాస్త అటు మళ్లిందనుకోండి. కొన్ని రోజుల్లో పక్క చేలో పత్తి ఆకులు సన్నగా చీలి బెండాకుల్లా మారిపోతాయి. పూత, కాత దెబ్బతింటాయి. చేతి పంపు రోజుల్లోనూ ఈ గొడవ ఉన్నదే. కానీ డ్రోన్ తుంపర మరీ సన్నం, పైగా ఎకరం పది నిమిషాల పని. గాలి తిరిగిందని పైలట్ గమనించేలోపే పక్కవాడి సాళ్లు తడిసిపోతాయి. పెద్దమనుషుల ముందు కూర్చున్నాక వినిపించే మాట ఒకటే: "డ్రోన్‌కి ఇన్సూరెన్స్ ఉందంటగా, కంపెనీవాళ్లనే కట్టమను."

కడతారా అన్నది పాలసీ కాగితంలో చిన్న అక్షరాల మీద ఆధారపడి ఉంటుంది. కాలుష్యం వల్ల, రసాయనాల వల్ల జరిగే నష్టం తమ బాధ్యత కాదనే షరతు లయబిలిటీ పాలసీల్లో, అంటే ఎదుటివాడికి మనవల్ల జరిగిన నష్టానికి కట్టే పాలసీల్లో, మామూలుగా కనిపించేదే. డ్రోన్ వెళ్లి ఎవరి తలకో తగిలితే ఒక లెక్క, దాని ట్యాంకులోని మందు ఎవరి పంటనో మాడిస్తే ఇంకో లెక్క. స్ప్రే డ్రోన్ కొన్నవాళ్లు ఏజెంటును ప్రీమియం ఎంత అని అడిగేముందు ఈ సంగతి అడగాలి. మందు పక్క పొలం మీద పడితే కవర్ అవుతుందా? అవుతుందంటే ఏ క్లాజులో ఉంది? నోటిమాటగా "అన్నీ వస్తాయి సార్" అంటే లెక్కలోకి రాదు, రాసి ఇవ్వమనాలి.

చట్టం పట్టించుకునేది కూడా ఎదుటివాడి నష్టాన్నే. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌కు థర్డ్ పార్టీ బీమా ఉండాలి. మోటారు వాహనాల చట్టంలోని నిబంధనలనే డ్రోన్లకు తగినట్టు మార్చి వర్తింపజేశారు. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. బైక్ థర్డ్ పార్టీ పాలసీలో ఎదుటి మనిషి ప్రాణానికి చెల్లించే పరిహారానికి పైపరిమితి ఉండదు. డ్రోన్ పాలసీలో మాత్రం కంపెనీ ఒక లిమిట్ రాస్తుంది. అంతకు మించితే మీ జేబులోంచే పోవాలి. అందుకే డబ్బులు సరిపోక ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాల్సి వస్తే, నేనైతే డ్రోన్‌కి జరిగే డ్యామేజీ కవర్ తగ్గించుకుంటాను, ఈ లిమిట్ మాత్రం తగ్గించను. మన వాళ్లు సరిగ్గా దీనికి ఉల్టాగా చేస్తారు. లక్షలు పోసి కొన్న వస్తువు కళ్ల ముందు ఉంటుంది కాబట్టి ధ్యాసంతా దాని మీదే.

సొంత డ్యామేజీ విషయంలో పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. బ్యాటరీలకు ఎంత తరుగు కోస్తారు, క్లెయిమ్‌లో మొదట మనం భరించాల్సింది ఎంత, ఆటోలో పొలానికి తీసుకెళ్తుంటే కిందపడితే ఇస్తారా, ఈ మూడూ చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

పెళ్లి వీడియోలు తీసేవాళ్ల టెన్షన్ వేరు. విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. అయినా ఫంక్షన్ హాళ్ల మీద ఎగిరేవాటిలో చైనా కంపెనీ డీజేఐవి ఎన్ని ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. దొడ్డిదారిన వచ్చిన డ్రోన్‌కు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబర్ రాదు. ఆ నంబర్ లేకుండా ఎవరైనా పాలసీ అంటగట్టినా, క్లెయిమ్ రోజున మొదట అడిగేది దాన్నే. డీజేఐ వాళ్ల 249 గ్రాముల చిన్న డ్రోన్ మినీకి ఇన్సూరెన్స్ అక్కర్లేదన్న మాట నిజమే, కానీ పెద్ద బ్యాటరీ వేస్తే 250 దాటుతుంది. దాటకపోయినా, అది పెళ్లికొచ్చిన పిల్లాడి కంట్లో గుచ్చుకుంటే చట్టం మినహాయించింది పాలసీని మాత్రమే, పరిహారాన్ని కాదు.

పైలట్ సర్టిఫికెట్ కూడా చూసుకోవాల్సిందే. ట్యాంకు నింపాక మొత్తం బరువు 25 కిలోలు దాటితే ఆ డ్రోన్ స్మాల్ నుంచి మీడియం తరగతిలోకి వెళ్తుంది. స్మాల్‌కు శిక్షణ తీసుకున్న కుర్రాడితో దాన్ని ఎగరేయించి, కూలిపోయాక క్లెయిమ్‌కి వెళ్తే, లైసెన్సు లేనివాడికి లారీ ఇచ్చినట్టే చూస్తారు.

ఇదంతా రేపు ఎక్కువగా తగలబోయేది డ్వాక్రా మహిళలకు. మహిళా సంఘాలకు డ్రోన్లిచ్చే కేంద్రం వారి నమో డ్రోన్ దీదీ పథకంలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల సబ్సిడీతో ఇచ్చే ప్యాకేజీలో ఏడాది సమగ్ర బీమా కూడా కలిసే వస్తుంది. రెండో ఏడాది రెన్యువల్ సంఘమే చూసుకోవాలి. అప్పుడు ఫారంలో "వినియోగం" అన్న గడి వస్తుంది. అక్కడ "వ్యవసాయం" అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా, ఏయే మందులు కొడతారో, కిరాయికి ఇతరుల పొలాల్లో కూడా కొడతారో లేదో రాయించి, దాని నకలు ఒకటి సంఘం ఫైల్లో పెట్టుకోవాలి.