పద్నాలుగో నెల ఎక్కడ?

మార్చి 14 వచ్చిందంటే మా లెక్కల మిత్రులకు పూనకం వస్తుంది. తెల్లవారకముందే ఒకరు ‘పై దినోత్సవ శుభాకాంక్షలు’ అంటారు. పై అంటే వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే స్థిరాంకం, 3.14159... అంటూ అంతం లేకుండా సాగేది. ఇంకొకరు బదులుగా యాభై దశాంశ స్థానాలు వల్లిస్తారు. మూడోవారు నలభై మూడో స్థానంలో తప్పు పట్టుకుంటారు. అందరూ నవ్వుతారు. పక్కవాడికి అర్థం కాదన్న భరోసా ఉంటే తప్ప రాని నవ్వు అది. నేనూ ఇరవై ఏళ్లుగా అలాగే నవ్వుతున్నాను. ఈ ఏడాది మాత్రం ఆ ఉదయమే ఒక చెక్కు రాయవలసి వచ్చింది. తేదీ గళ్లలో 14, తరువాత 03 అని నింపి ఆగిపోయాను. పద్నాలుగును మూడుతో భాగిస్తే 4.66. మధ్యలో చుక్క పెడితే 14.03. ఏ వృత్తంతోనూ చుట్టరికం లేని అంకెలివి. మరి ఇన్నేళ్లూ మనం దేనికి నవ్వినట్టు?

అమెరికావారు నెలను ముందు, తేదీని వెనక రాస్తారు. అది వారి ఇష్టం. ఆ లెక్కన మూడో నెల పద్నాలుగో రోజు 3.14 అవుతుంది. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే విజ్ఞాన ప్రదర్శనశాలలో పనిచేసే లారీ షా ఈ వేడుకకు కొబ్బరికాయ కొట్టాడు. కొబ్బరికాయ మాటవరసకే, అక్కడ పంచింది పండ్లు కూరి కాల్చిన ‘పై’ అనే పిండివంట. వాళ్ల భాషలో ఆ వంటనూ ఈ స్థిరాంకాన్నీ ఒకేలా పలుకుతారు. 2009లో వాళ్ల ప్రతినిధుల సభ ఈ దినాన్ని సమర్థిస్తూ తీర్మానం కూడా చేసింది. అనుకూలంగా 391 ఓట్లు, వ్యతిరేకంగా 10. ఆ పదిమందిలో ఒక్కరైనా తేదీని మనలా రాసేవారై ఉంటారని నా నమ్మకం. 2019లో యునెస్కో అదే రోజును అంతర్జాతీయ గణిత దినోత్సవంగా ప్రకటించింది. ఇక అప్పీలు చేసుకునే పై కోర్టు కూడా లేకుండా పోయింది.

మన పద్ధతిలో 3/14 అంటే పద్నాలుగో నెల మూడో తేదీ. పంచాంగం తిరగేశాను. అధిక మాసం వచ్చిన ఏడాది కూడా నెలలు పదమూడే. ఒకే ఏడాది రెండు అధిక మాసాలు ఇప్పించమని సిద్ధాంతిగారిని వేడుకుంటే ఆయన ముందు నా జాతకం తెమ్మన్నారు. పోనీ 31/4 అందామంటే ఏప్రిల్ ముప్పైతోనే తలుపులు మూసేస్తుంది.

కాబట్టి మన ముందున్న దారి ఒక్కటే. జులై 22. ఇరవై రెండు బై ఏడు.

ఈ రోజును కూడా కొందరు జరుపుకుంటారు. కానీ దానికి పెట్టిన పేరు చూడండి: ‘పై ఉజ్జాయింపు దినం’. అంటే మార్చిది అసలు, జులైది నకలు. నేను కాగితం తీసి లెక్క వేశాను. 3.14కూ అసలు విలువకూ తేడా సుమారు 0.0016. 22/7కూ అసలు విలువకూ తేడా సుమారు 0.0013. ఎక్కువ తప్పినదానికి అసలు పేరు, తక్కువ తప్పినదానికి ఉజ్జాయింపు పేరు! ఆర్కిమిడీస్ అంతటివాడు 96 భుజాల బహుభుజి గీసి, పై విలువ 22/7 కంటే తక్కువ అని తేల్చాడు. క్రీ.శ. 499 నాటికి మన ఆర్యభటుడు 3.1416కు సమానమైన విలువ ఇచ్చి, పక్కనే ‘ఆసన్నం’ అని నిజాయితీగా ఒప్పుకున్నాడు. దగ్గరిదే గానీ అదే కాదు అని. అంత గొప్పవాడు ఒప్పుకున్నదాన్ని జులైకి మాత్రమే అంటగట్టి మార్చిని వదిలేయడం ఏ ధర్మం?

ఇంకొక సాక్ష్యం ఉంది. మన రాజ్యాంగ సభ జాతీయ పతాకాన్ని ఆమోదించిన తేదీ 22/7/1947. జెండా మధ్యలో ఉన్నదేమిటి? 24 ఆకుల చక్రం, సాక్షాత్తూ వృత్తం. కాకతాళీయం అనేవారు అనవచ్చు. వారికి చరిత్రా రాదు, లెక్కలూ రావు.

అన్నిటికీ మించి, 22/7 మన రక్తంలో ఉంది. మన లెక్కల పుస్తకాల్లో ఏ వృత్తం వ్యాసార్థమైనా చూడండి: 7, 14, 21, మరీ సాహసిస్తే 3.5. బావి తవ్వితే ఏడు మీటర్లు. గుర్రాన్ని గుంజకు కడితే పద్నాలుగు మీటర్ల తాడు. రోడ్డు రోలరు వ్యాసం 84 సెంటీమీటర్లు. విశ్వం మొత్తాన్ని ఏడుతో నిశ్శేషంగా భాగించి, ఆ తరువాతే పదో తరగతి పిల్లలకు అప్పగించారు. వ్యాసార్థం 5 అని ఒక ప్రశ్న వస్తే పరీక్ష హాల్లో కలకలం రేగి, మర్నాడు పత్రికల్లో ‘సిలబస్‌లో లేని ప్రశ్న’ అని శీర్షిక వస్తుందని నా భయం. మా తరంలో సగంమందికి పై అంటే 22/7, 22/7 అంటే పై. ఆ మాట కాదన్నందుకు తొమ్మిదో తరగతిలో నన్ను బెంచీ ఎక్కించారు.

ఇక్కడ కాస్త దారి తప్పుతాను, క్షమించాలి. భిన్నంగా రాయగలిగిన సంఖ్యను మన పాఠ్యపుస్తకం ‘అకరణీయ సంఖ్య’ అంటుంది. ఎంత ప్రయత్నించినా భిన్నంగా రాయలేని పై లాంటిది ‘కరణీయ సంఖ్య’. పారిభాషిక పదాల మూలాలు పండితులకు వదిలేసి మామూలు తెలుగులో చదవండి. కరణీయం అంటే చేయదగినది, అకరణీయం అంటే చేయకూడనిది. అంటే లెక్కకు లొంగేది చేయకూడదు, లెక్కకు అందనిదే చేయాలి! మన బడ్జెట్లు, పెళ్లిఖర్చులు, అపార్ట్‌మెంట్ నిర్వహణ సంఘాలు ఇంతకాలం ఏ సూత్రం మీద నడుస్తున్నాయో నాకు ఆ రోజు తెలిసింది.

‘పై’ అన్న మాట మనకు ఆ పిండివంట ద్వారా రావలసిన అవసరమూ లేదు. అణాకు 12 పైలు, రూపాయికి 192 పైలు ఉన్న కాలం తాతల నోట విన్నాం. పై చదువులు, పై అధికారి, పైవాడు మన ఇంటి మాటలే. అన్నిటిలోకీ గణితశాస్త్రానికి దగ్గరైనది పై సంపాదన. జీతాన్ని ఎంచక్కా భిన్నంగా రాయవచ్చు: ఇంటద్దెకు ఇంత, పాలకు ఇంత. పై సంపాదన అలా కాదు. దానికి అంతం లేదు, ఆవర్తనం లేదు, ఫలానా చోట మళ్లీ ఇదే వరస వస్తుందని ఏ ఆడిటరూ చెప్పలేడు. పై కరణీయమని లాంబర్ట్ అనే గణితజ్ఞుడు 1761లో నిరూపించాడు. మన దగ్గర నిరూపణ దాకా పోనివ్వరు.

జులై 22నే పై దినంగా చట్టం చేయించాలని మా లెక్కల మిత్రుల మండలిలో ఒక పెద్దాయన ప్రతిపాదించారు. నేను చేతులు జోడించి వారించాను. 1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో గుడ్విన్ అనే వైద్యుడు వృత్తాన్ని చతురస్రం చేశానని, అంటే వృత్తానికి సరిసమానమైన వైశాల్యం గల చతురస్రం గీసే దారి కనిపెట్టానని చెప్పి ఒక బిల్లు పెట్టించాడు. దాని ప్రకారం లెక్క వేస్తే పై విలువ 3.2 దాకా పోతుంది. దిగువ సభ దాన్ని మొదట చిత్తడి నేలల కమిటీకి పంపింది. ఇంతకంటే తగిన కమిటీ నాకూ తోచదు. తరువాత 67–0 ఓట్లతో ఏకగ్రీవంగా ఆమోదించింది. వేరే పని మీద అక్కడికి వచ్చిన వాల్డో అనే గణిత ఆచార్యుడు అడ్డం పడబట్టి ఎగువ సభలో ఆగింది. మన శాసనసభల దగ్గర ఆ రోజు ఏ లెక్కల మాస్టారైనా తిరుగుతూ ఉంటారని హామీ లేదు. ఉన్నా, ఆయన ఎన్నికల విధుల్లో ఉంటారు.

చట్టం లేకుండానే మేం ఎనిమిదిమందిమి కిందటి జులై 22న మా ఇంట్లో చేరాం. పండ్ల పై బదులు బొబ్బట్లు. మా ఆవిడ ఏడు సెంటీమీటర్ల వ్యాసార్థం అడిగినందుకు నన్ను ఒక చూపు చూసింది గానీ, గిన్నె మూత పెట్టి కొలిచి మరీ ఒత్తింది. మొదటి బొబ్బట్టు చుట్టూ దారం తిప్పి స్కేలు మీద పరిచాం. సరిగ్గా 44. పాఠ్యపుస్తకం గెలిచిందని నేను చప్పట్లు కొట్టాను. కాదు, 43.98 అని ఒకాయన కళ్లజోడు సవరించుకున్నారు. నెయ్యికి దారం సాగిందని మరొకరు. అంచు నున్నగా లేదు కాబట్టి అసలు చుట్టుకొలతే అనంతమని ఇంకొకరు. మళ్లీ కొలుద్దామని అందరం ఒప్పుకుని వెనక్కి తిరిగేసరికి పళ్లెంలో దారం ఒక్కటే మిగిలి ఉంది. పిల్లలు మూతి తుడుచుకుంటున్నారు.